పెరుగు తింటే సర్ది చేస్తుందా?

చలి ముదిరితే నడిగడ్డ ఇళ్లల్లో ముందుగా మారేది పెద్దవాళ్ల కంచం. గద్వాల, అయిజ, అలంపూర్ వైపైనా, కృష్ణ దాటి వనపర్తి, కొల్లాపూర్ వైపైనా మాట ఒకటే: "రాత్రిపూట పెరుగెందుకవ్వా, సర్ది అయితది." చెప్పేది ప్రేమతోనే. అవ్వ కూడా సరేనంటుంది. కానీ పండ్లూడిన నోటికి జొన్నరొట్టె నమలడం కష్టం. రొట్టెను తుంచి పెరుగులోనో సల్లలోనో నానేసుకుని, మెత్తబడ్డాక తినడం ఆమె అలవాటు. పెరుగు తీసేస్తే పప్పుతోనో పులుసుతోనో రెండు ముక్కలు తిని చెయ్యి కడుక్కుంటుంది. సర్ది రాకుండా చూద్దామనుకుంటే తిండే సగమైపోతుంది.

మరి పెరుగుకూ సర్దికీ నిజంగా సంబంధం ఉందా? ఉంది గానీ, మనం అనుకున్నట్టు కాదు. ఈ ప్రశ్నను నేరుగా ముసలివాళ్లనే పెట్టుకుని పరీక్షించినవాళ్లున్నారు. జపాన్‌లో ఫునగాత, అరిత అని రెండు చిన్న ఊళ్లు. ఫునగాతలో 57 మందిని, అరితలో 85 మందిని తీసుకున్నారు. మొదటి ఊరివాళ్ల వయసు అటూ ఇటూగా 74 ఏళ్లు, రెండో ఊరివాళ్లది 67. ఒక్కో ఊళ్లో కొందరికి రోజూ 90 గ్రాముల పెరుగు ఇచ్చారు, మిగతావాళ్లకు 100 మిల్లీలీటర్ల పాలు. ఒకచోట 8 వారాలు, ఇంకోచోట 12 వారాలు ఇలా నడిపి, ఎవరికి జలుబు పట్టిందో రాసుకుంటూ వచ్చారు. 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రెండు ఊళ్ల లెక్కలూ కలిపి చూస్తే, పాలు తాగినవాళ్లతో పోలిస్తే పెరుగు తిన్నవాళ్లకు జలుబు పట్టే అవకాశం సగానికన్నా తక్కువ.

ఇక్కడ రెండు సంగతులు దాచకుండా చెప్పాలి. తినేది పెరుగో పాలో తినేవాళ్లకు తెలుసు కాబట్టి, ఆ నమ్మకం కూడా ఫలితంలో కొంత కలిసే వీలుంది. పైగా ఆ పెరుగు తయారుచేసే కంపెనీ శాస్త్రవేత్తలే ఈ పనిలో ఉన్నారు. అందుకని దీన్ని ఆఖరి తీర్పుగా తీసుకోలేం. అయితే "పెరుగు తింటే సర్ది" అన్న భయం నిజమైతే లెక్క ఎదురు తిరగాలి. అది తిరగలేదు. జలుబు వచ్చేది వైరస్ వల్ల. పక్కవాళ్ల తుమ్ములోంచి, చేతుల్లోంచి వస్తుంది. చలికాలంలో తలుపులు మూసుకుని ఇంటిల్లిపాదీ ఒక్కచోట ఉంటాం కనక ఎక్కువగా వస్తుంది. గిన్నెలోని పెరుగులో ఆ వైరస్ పుట్టదు.

పెరుగు సహాయం చేస్తే ఎలా చేస్తుందన్నది తెలియాలంటే ముసలితనంలో ఒంటి రక్షణ ఎక్కడ సడలుతుందో చూడాలి. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. టీ కణాలనే తెల్ల రక్తకణాలకు అది బడి లాంటిది. ఏది మన ఒంటిదో ఏది పరాయిదో అవి అక్కడే నేర్చుకుంటాయి. యవ్వనం మొదలైనప్పటి నుంచే ఈ గ్రంథి కుంచించుకుపోతూ వస్తుంది. డెబ్బై ఏళ్లకు అందులో మిగిలేది చాలావరకు కొవ్వే. కొత్త టీ కణాలు తయారు కావడం బాగా తగ్గిపోతుంది. పాత రోగాలను గుర్తుపట్టే కణాలు ఉంటాయి గానీ, ఎన్నడూ చూడని కొత్త వైరస్ వస్తే దాన్ని పట్టుకునేవి తక్కువ. టీకా వేయించినా పాతికేళ్ల మనిషికి పనిచేసినంతగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. వైరస్ సోకిన కణాలను వెతికి చంపే న్యాచురల్ కిల్లర్ కణాలు ఉంటాయి. వయసు మీదపడ్డాక వాటి సంఖ్య తగ్గకపోయినా ఒక్కోదాని చురుకుదనం తగ్గుతుంది. వీటికి తోడు ఒంట్లో సన్నగా, ఎడతెగకుండా ఒక వాపు లక్షణం నిలిచిపోతుంది. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000లో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టారు.

ఈ రక్షణ కణాల్లో పెద్ద భాగం ఉండేది రక్తంలో కాదు, పేగుల గోడల్లో. చిన్నపేగు లోపలి గోడ మీద అక్కడక్కడ ఉబ్బెత్తుగా మచ్చలుంటాయి. స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ పేయర్ 1677లో వీటిని వర్ణించాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ మచ్చల పైపొరలో ఉండే ప్రత్యేక కణాలు పేగులో పోతున్న బ్యాక్టీరియాను కొంచెం కొంచెంగా లోపలికి లాగి, కింద కాచుకుని ఉన్న రక్షణ కణాలకు చూపిస్తాయి. బ్యాక్టీరియా ఒంటి గోడలో ఉండే చక్కెర, ప్రోటీన్ ముక్కలను అవి తాకి చూసి, శత్రువైతే దాడికీ కాకపోతే ఊరుకోవడానికీ సంకేతాలు పంపుతాయి. రోజూ హాని చేయని బ్యాక్టీరియా ఇలా కనబడుతుంటే ఆ కణాలకు సాధన తప్పకుండా ఉంటుంది. పెరుగులోని బ్యాక్టీరియా పేగులో కాపురం పెట్టకపోయినా, దారిన పోతూ పోతూ చేసే పని ఇదే. కడుపులోని ఆమ్లానికి చచ్చిపోయినవాటి ముక్కలు కూడా కొంత పనిచేస్తాయి.

జపాన్ వాళ్ల పెరుగులో ఒక విశేషముంది. వాళ్లు వాడిన బల్గేరికస్ రకం బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు లాంటి ఒక చక్కెరను స్రవిస్తుంది. న్యాచురల్ కిల్లర్ కణాలు మందగించినవాళ్లలో అవి మళ్లీ చురుకెక్కడానికి ఆ జిగురే కారణమని వాళ్ల అభిప్రాయం. మన ఇళ్లల్లో ఒక్కోసారి గరిటెతో తీస్తే పెరుగు తీగలు సాగుతుంది, చూడగానే పారబోస్తాం. పారబోయడమే మంచిది. తీగ సాగడం మేలు చేసే బ్యాక్టీరియా వల్లా కావచ్చు, గిన్నె సరిగ్గా తోమకపోవడం వల్ల చేరిన చెడు బ్యాక్టీరియా వల్లా కావచ్చు. కంటితో చూసి ఏదో తేల్చుకోలేం.

ముసలితనాన్నీ పుల్లటి పాలనూ మొదట ముడిపెట్టినవాడు ఇల్యా మెచ్నికోవ్. ఒంట్లో చొరబడ్డ సూక్ష్మజీవులను తెల్ల రక్తకణాలు మింగేస్తాయని కనిపెట్టి 1908లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ, పెద్దపేగులో కుళ్లుబెట్టే బ్యాక్టీరియా విషాల వల్లే మనిషి ముసలివాడవుతాడని ఆయన వాదించాడు. బల్గేరియా పల్లెవాసులు పుల్లటి పాలు తాగి నిండు నూరేళ్లు బతుకుతున్నారని విని, తానూ రోజూ తాగేవాడు. ఆ పాలలోని బల్గేరికస్ బ్యాక్టీరియాను 1905లో బల్గేరియా విద్యార్థి స్తామెన్ గ్రిగొరోవ్ జెనీవాలో గుర్తించాడు. అయితే బల్గేరికస్ మన పేగులో నిలిచి బతకదని 1920ల మొదట్లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. దాంతో మెచ్నికోవ్ వాదంలో సగం కూలిపోయింది. కడుపు ఆమ్లాన్నీ పిత్తాన్నీ తట్టుకుని పేగు దాకా ప్రాణంతో చేరే రకం కోసం వెతుకులాట మొదలైంది. క్యోటోలో మినోరు షిరోతా 1930లో అలాంటిదొకటి పెంచి, 1935లో సీసాల్లో అమ్మించాడు. ఈ రోజు హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో కనిపించే యాకుల్ట్ అదే.

షిరోతా ఎంచుకున్నది లాక్టోబాసిల్లస్ కేసీ. ఈ జాతి పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తుకు రావలసిన మనిషి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగు జబ్బుకు సోదరుణ్ణి పోగొట్టుకుని, తానూ అదే జబ్బుతో చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి ఆయన. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకోవడానికి వాడిన సాధనం ఈ కేసీ బ్యాక్టీరియానే. ఫోలిక్ ఆమ్లం లేనిదే అది పెరగదు. కాలేయం సారంలోంచి తీసిన ఏ భాగం వేస్తే బ్యాక్టీరియా పెరుగుతోందో చూసుకుంటూ, ఆ విటమిన్‌ను అంచెలంచెలుగా వేరుచేశారు. 1945లో ప్రయోగశాలలో తయారుచేశారు. అప్పట్లో దాన్ని కేసీ ఫ్యాక్టర్ అనే పిలిచారు. కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి; రోగం వచ్చినప్పుడు వేగంగా పెరగాల్సిన తెల్ల కణాలకు మరీ అవసరం. పాలను పులియబెట్టే ఒక బ్యాక్టీరియా ఇలా కోట్లమందికి మందు దొరకడానికి దారి చూపింది. ఈ కథ మన బడి పుస్తకాల్లో ఇంకా వివరంగా ఉండాలి.

ఇక అసలు చిక్కు. మన ఇంటి పెరుగు ప్రోబయోటిక్ అవునా? ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2001లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగినంత మోతాదులో ఇస్తే ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్. మేలు చేస్తుందని మనుషుల మీద పరీక్షించి చూపాలి. ఏ జాతి, అందులో ఏ రకం అన్నది తెలిసి ఉండాలి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2011లో ఇలాంటి నియమాలే పెట్టాయి. ప్యాకెట్ మీద బ్యాక్టీరియా జాతి, రకం, గడువు తీరేదాకా బతికుండే సంఖ్య రాయాలన్నాయి. రోజు మోతాదులో కనీసం 10 కోట్ల బ్యాక్టీరియా ఉండాలన్నది ఆహార భద్రతా ప్రాధికార సంస్థ లెక్క.

సంఖ్యలో అయితే ఇంటి పెరుగు ఆ లెక్కకు తీసిపోదు. బాగా తోడుకున్న తాజా పెరుగులో సాధారణంగా గ్రాముకు కోటికి తగ్గవు. 150 గ్రాముల గిన్నెడు తింటే 150 కోట్లు. యాకుల్ట్ సీసాలో 650 కోట్లని రాసుంటుంది. అదీ ఇదీ మరీ అంత దూరం కాదు. తేడా ఎక్కడంటే, సీసాలో ఉన్నది ఏదో తెలుసు, దాన్ని పరీక్షించారు. మన కుండలో ఉన్నది ఏదో మనకు తెలియదు, పైగా అది ఎప్పుడూ ఒకేలా ఉండదు. మే నెలలో గద్వాలలో 42 డిగ్రీల ఎండకు పొద్దున తోడేసిన పాలు మధ్యాహ్నానికే గడ్డకట్టి, సాయంత్రానికి పులిసిపోతాయి. ఆ వేడికి నప్పేవి థర్మోఫిలస్, బల్గేరికస్ లాంటివి. సంక్రాంతి రోజుల్లో అదే తోడు, అవే పాలు. గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టినా తెల్లారేదాకా తోడుకోదు. అప్పుడు చల్లదనం ఇష్టపడే లాక్టోకాకస్ జాతులది పైచేయి. తోడు అయిపోయి పక్కింట్లోనూ దొరకనప్పుడు గోరువెచ్చని పాలల్లో పచ్చిమిరపకాయ తొడిమలు వేస్తారు కదా, అప్పుడు మిరప తొడిమ మీదున్న బ్యాక్టీరియా వచ్చి చేరుతుంది. ఇంటింటికీ, కాలకాలానికీ మారే ఈ పెరుగును ప్రోబయోటిక్ అనలేం. మంచి ఆహారం అనడానికి మాత్రం అడ్డేమీ లేదు.

పరీక్షించిన రకాలే అన్నిచోట్లా గెలిచాయా అంటే, అదీ లేదు. న్యూజిలాండ్‌లో 63 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 30 మంది ఆరోగ్యవంతులకు మూడు వారాలు బిఫిడోబ్యాక్టీరియం కలిపిన పాలు ఇస్తే, న్యాచురల్ కిల్లర్ కణాలు చురుకెక్కాయి. ఆ ఫలితం 2001లో వచ్చింది. అయితే రక్తపరీక్షలో కణాలు చురుకెక్కడం వేరు, మనిషి మంచాన పడకుండా ఉండడం వేరు. బ్రిటన్‌లో 23 వృద్ధాశ్రమాల్లో సగటున 85 ఏళ్లున్న 310 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి పేరున్న రెండు రకాల బ్యాక్టీరియాను ఏడాది వరకు ఇచ్చారు. రోగాలు తగ్గితే యాంటీబయోటిక్ వాడే రోజులూ తగ్గాలి కదా? 2020లో లెక్క తేలింది: తగ్గలేదు. 2022లో ఆరున్నర వేలకు పైగా మనుషుల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన కొక్రేన్ సమీక్షలో, జలుబు లాంటి శ్వాసకోశ జబ్బులు ప్రోబయోటిక్స్ వల్ల కొంత తగ్గుతున్నట్టు కనిపించింది. చాలా ప్రయోగాలు బలహీనంగా ఉన్నాయని కూడా ఆ సమీక్షే చెప్పింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ అయితే రోగనిరోధక శక్తి పెంచుతుందని ప్యాకెట్ మీద రాసుకుంటామన్న కంపెనీల దరఖాస్తులను ఒకదాని వెంట ఒకటి తిప్పికొట్టింది. 2010లో అది ఒప్పుకున్న మాట ఒకటే: బతికున్న పెరుగు బ్యాక్టీరియా పాలలోని లాక్టోజ్ చక్కెర అరగడానికి తోడ్పడుతుందని.

ఆ ఒక్క మాట మనకు చాలా విలువైనది. దక్షిణాదిలో పెద్దయ్యాక పాలు అరగనివాళ్లు ఎక్కువ. గ్లాసుడు పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు. అలాంటివాళ్లకు కూడా పెరుగు పడుతుంది, ఎందుకంటే బ్యాక్టీరియా ఆ చక్కెరను కొంత ముందే తినేస్తుంది, మిగిలినదాన్ని పేగులో అరగదీస్తుంది. నా దృష్టిలో పెద్దవాళ్లకు పెరుగు చేసే అతి పెద్ద మేలు ఇక్కడే ఉంది. 100 గ్రాముల పెరుగులో మూడు గ్రాముల పైచిలుకు ప్రోటీన్, ఎముకలకు కావలసిన కాల్షియం, బీ12 ఉంటాయి. తెల్ల కణాలు, వాటి ఆయుధాలైన యాంటీబాడీలు తయారయ్యేది ప్రోటీన్‌తోనే. మన పల్లెల్లో డెబ్బై దాటినవాళ్ల తిండిలో కొరత పడేదీ ప్రోటీనే. మాంసం నమలలేరు, పప్పు గ్యాస్ అంటారు, గుడ్డు కొందరు ముట్టరు. నమలకుండా మింగగలిగి, తేలిగ్గా అరిగి, ఏళ్లుగా నాలుకకు అలవాటైన ప్రోటీన్ పెరుగొక్కటే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో తీసుకోమంటోంది. నాలుగు చెంచాల పెరుగులో చెంబెడు నీళ్లు పోసి చిలికిన పల్చటి సల్ల ఆ లెక్కలోకి రాదు. దాహం తీర్చడానికి అది మంచిదే, పెరుగు మాత్రం పెరుగులా గిన్నెలో పెట్టాలి.

ఇంట్లో చేసుకునేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని. పాలు పొంగు వచ్చేదాకా కాచి తీరాలి. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు రావచ్చు. వేలు పెడితే హాయిగా ఓర్చుకోగలిగిన వెచ్చదనానికి వచ్చాకే తోడు వేయాలి. మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తోడుకు తీసిన పెరుగు వాసన మారినా, రంగు మారినా మొహమాటపడకుండా వదిలేయాలి. మజ్జిగ పులుసు రుచే రుచి గానీ, మరిగితే అందులో బతికున్నది ఏదీ మిగలదు. అంబలి సంగతి కూడా ఇంతే. జొన్నపిండినో తైదల పిండినో రాత్రంతా నానబెట్టి పులియబెడతాం, పొద్దున్నే ఉడకబెడతాం. పులుపు మిగులుతుంది, బ్యాక్టీరియా మిగలదు. చల్లారాక కలిపే సల్లతోనే అది మళ్లీ వచ్చి చేరుతుంది. అందుకే అంబలి పూర్తిగా ఆరాకే సల్ల పోయాలి. బీపీ ఉన్నవాళ్లకు సల్లలో ఉప్పు తగ్గించాలి. షుగర్ ఉన్నవాళ్లకు తియ్యటి ప్రోబయోటిక్ సీసాల కంటే ఇంటి పెరుగే నయం. కొనాలనే అనుకుంటే, ప్యాకెట్ మీద బ్యాక్టీరియా పేరు, సంఖ్య ఉన్నవే కొనండి. అదీ ఫ్రిజ్ ఎడతెగకుండా నడిచే దుకాణంలోనే. కరెంటు పోయి పోయి వచ్చే ఎండాకాలంలో ఆ కోట్లలో ఎన్ని మిగులుతాయో చెప్పడం కష్టం.

ఇంకో హెచ్చరిక. మందుల షాపులో దొరికే ప్రోబయోటిక్ పొడులను, గోలీలను ఆహారంలా కాదు, మందుల్లా చూడాలి. నెదర్లాండ్స్‌లో క్లోమం తీవ్రంగా వాచిన 298 మంది మీద చేసిన ప్రయోగంలో ప్రోబయోటిక్స్ తీసుకున్నవాళ్లలో 24 మంది చనిపోయారు, తీసుకోనివాళ్లలో 9 మంది. 2008లో ఆ ఫలితం వచ్చినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. ఆసుపత్రిలో తీవ్రంగా జబ్బుపడి ఉన్నవాళ్లకు, క్యాన్సర్ మందులూ స్టెరాయిడ్లూ వాడుతున్నవాళ్లకు డాక్టరును అడగకుండా ఇవి ఇవ్వకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పెరుగు ఎంత తినొచ్చో కూడా అడిగి తెలుసుకోవాలి.

పెరుగు టీకాకు బదులు కాదు. అరవై దాటినవాళ్లకు ఏటా ఫ్లూ టీకా వేయించే విషయం మీ డాక్టరుతో మాట్లాడండి. దగ్గు, జ్వరం వారం దాటితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకండి. డాక్టరు వద్దన్నప్పుడు తప్ప, చలికాలమని, రాత్రని చెప్పి అవ్వ కంచంలోంచి పెరుగు తీసేయకండి. ఫ్రిజ్‌లోంచి తీసింది చల్లగా ఉందనుకుంటే అరగంట ముందే బయట పెట్టి వడ్డించండి.